సూదిదారం ఎవరిది?

వెంకటేశప్ప కంప్యూటర్‌ను పట్టపగలు ఇద్దరు మనుషులు ఎత్తుకుపోతుంటే నగర్తపేటలో ఆ వీధి వీధంతా నిలబడి చూసింది. లోపల ఎంబ్రాయిడరీ మిషన్ మీద సగం నెమలి కుట్టిన చీరకొంగు అలాగే ఆగిపోయింది.

"నా అంగట్లో నా కంప్యూటర్ ముట్టేదానికి ఎవురప్పా మీరు?" అంటూ ముసలాయన అడ్డం పడ్డాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ ఆయన్ను పక్కకు నెట్టాడు.

"ఇందులో ఉన్న సూదిదారం మా కంపెనీ సొత్తు. పర్మిషన్ లేకుండా వాడితే దొంగతనమే," అన్నాడు వాళ్ళను తీసుకొచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజర్ కిరణ్.

దొంగతనమట! సూదిదారాన్ని చేసుకున్నదే ఆ వీధి. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్ అందరిదీ. ఎవరైనా తీసుకోవచ్చు, తమ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాన్ని ఎంబ్రాయిడరీ అంగళ్ళ కోసం మార్చుకున్న రూపమే సూదిదారం. తెర మీది తెలుగు, కన్నడ మాటలు మిషన్ పనిచేసే సుశీల చెప్పినవి. డిజైన్లు వెంకటేశప్ప ఇచ్చినవి. ఆదివారాలు అందరూ కూర్చుని తప్పులు వెతికేవాళ్ళు.

మరి కంపెనీ చేతికి ఎలా పోయింది? మల్లికార్జున్ ఇచ్చాడు.

మొదలుపెట్టింది అతనే. హెబ్బగోడిలో అద్దెగదిలో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, సెలవులన్నీ దానికే పోశాడు. తర్వాత మడివాళ హాస్టల్ నుంచి వరూధిని వచ్చి చేరింది. ఆమెదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. కానీ ఆమె మిషన్ల పక్కన కూర్చుని వాళ్ళ కష్టం వినేది. ఏ అంగట్లో తెర ఆగినా "వరూధినమ్మకు ఫోన్ కొట్టండి" అనేవాళ్ళు, మల్లికార్జున్ పక్కనే నిలబడి ఉన్నా సరే. ఒకసారి సుశీల కొత్త అంగడివాళ్ళతో "ఇది మా వరూధినమ్మ చేసింది" అనడం విన్నాడు. ఆనాటి నుంచి అతనికి అన్నం సయించలేదు. ఆమె నవ్వితే మండేది. ఆమె సరిచేసిన తప్పు తనకెందుకు కనబడలేదని ఇంకా మండేది.

కిరణ్ ఆ మంటను పసిగట్టాడు. "మాకిచ్చేస్తే, తెర వెలగ్గానే మీ ఫోటో, మీ పేరు," అన్నాడు. మల్లికార్జున్ వెబ్‌సైటునూ, సూదిదారం అన్న పేరునూ కంపెనీకి అప్పజెప్పేశాడు.

ఆ సాయంత్రం సుశీల పనిచేసే షెడ్డులో అందరూ చేరారు. మల్లికార్జున్‌నూ పిలిపించారు.

"ఏమప్పా, మమ్మల్ని అమ్మేస్తివా?" అంది సుశీల.

"స్టార్ట్ చేసింది నేను! ఒక్కరికైనా గుర్తుందా? ఎవరినడిగినా వరూధిని, వరూధిని!"

"దీనికా! ఆ పిల్ల మింద కుళ్ళుతో వీధి నోట్లో మన్ను కొడ్తివా?" వెంకటేశప్ప లేచాడు. నలుగురు చేతులెత్తి మీదికి వచ్చారు.

వరూధిని అడ్డం నిలబడింది. "కొట్టకండి. అతనిచ్చింది పేరూ వెబ్‌సైటూ మాత్రమే. మనం చేసిన పనిని ఇచ్చే హక్కు అతనికి లేదు, నాకూ లేదు. అది అందరిదని మొదటే రాసుకున్నాం. పేరు తీసేద్దాం, మళ్ళీ నడుపుదాం."

ఆమె తనను కాపాడటం అతనికి దెబ్బలకంటే ఎక్కువ మండింది.

"పోలీసులొస్తే? కంపెనీ చెప్పినట్ల వింటే పోలేదా?" అన్నాడు పక్కంగడి ఆవులప్ప.

"ఈపొద్దు తెర నాదంటాడు. రేపు డిజైను, ఎల్లుండి మిషను. యాడ ఆపుతావప్పా వాణ్ణి?" అంది సుశీల.

మర్నాడు పొద్దున అంగళ్ళన్నీ ఒక్కసారే తెరిచారు. అన్ని తెరల మీదా అదే పని, పేరు మాత్రం లేదు. మిషన్ల హోరుకు వీధి అదిరింది. కిరణ్‌ను ఎక్కించుకుని పోలీసు జీపు రానే వచ్చింది.

"ఎవరు చేశారిది?" గద్దించాడు ఎస్సై.

"నేను," అంటూ వరూధిని ముందుకొచ్చింది.

జనం వెనకాల నిలబడ్డ మల్లికార్జున్ ఆ మాట విన్నాడు. జైలుకు పోయే పేరు కూడా ఆమెదేనా? జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అబద్ధం! మొదలుపెట్టింది నేను. ఈ కంపెనీకి ఇచ్చింది ఉత్త పేరు సార్, పని కాదు. పట్టుకుంటే నన్ను పట్టుకోండి!"

కిరణ్ ముఖం మాడిపోయింది. పేరు ఇచ్చినవాడే పోలీసుల ముందు నోరు విప్పాడు.

"తెర మింద మాటలు నావి. నన్నూ ఎక్కించు," అంది సుశీల.

"డిజైన్లు నావి," అన్నాడు వెంకటేశప్ప.

"తప్పులు పట్టినోణ్ణి నేను. నన్నిడిసిపెట్టి పోతారా?" ఆవులప్ప కూడా దిగాడు.

జీపులో అంతమందికి చోటులేదు. వరూధినినీ మల్లికార్జున్‌నూ తోసి తలుపేశారు. బండి కదలబోతే జనం చుట్టూ కమ్ముకున్నారు. అడుగడుగునా ఆగుతూ పోయింది జీపు.

బయట నినాదాలు లేచాయి. ఎవరి పేరు అరుస్తున్నారోనని మల్లికార్జున్ చెవులు రిక్కించాడు. ఆమె పేరు కాదు. తనదీ కాదు.

"చేసింది మేమే! వాడేది మేమే!"

ఎదురుగా వరూధిని గొంతు కలిపింది. ఆమె కంటే గట్టిగా వినబడాలని అతను కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు. వీధి ఇద్దరికంటే గట్టిగా అందుకుంది.