డకోటాలో ఒక నిద్ర

మనిషికి ఇల్లు లేకపోతే ప్రభుత్వాలు ఓర్చుకుంటాయి. ఇల్లుండి, ఆ ఇంటికి ఊరు లేకపోతే మాత్రం ఓర్వలేవు. ఆర్డిత్ హోల్‌స్ట్రమ్‌కు ఇల్లుంది. అందులో పడకగది, పొయ్యి, స్నానాల గది, రెండు అరల పుస్తకాలు, మెర్ల్ అనే మొగుడు ఉన్నారు. కింద ఆరు చక్రాలు కూడా ఉన్నాయి. తంటా అంతా వాటితోనే. సముద్రతీరాన మేడ కొని, సోఫాలకు దుప్పట్లు కప్పి, ఏడాదికొకసారి బూజు దులపడానికి వచ్చేవాడు చట్టం దృష్టిలో స్థిరనివాసి. తన ఇంట్లో ప్రతి పూటా వండుకొని, ప్రతి రాత్రీ పడుకొనే ఆర్డిత్ మాత్రం దేశదిమ్మరి.

ఆమె తన ఉద్యోగకాలమంతా చట్టాల పుస్తకాలు అచ్చువేసే చోట ప్రూఫులు దిద్దింది. శాసనకర్తలకు కామా ఎక్కడ పెట్టాలో తెలియదన్న సంగతీ, దానివల్ల ఎవరెవరు జైళ్ల పాలయ్యారో కూడా ఆమెకు తెలుసు. అందువల్ల ఏ కాగితం మీదా చదవకుండా సంతకం చేయదు; చదివిన తరువాత సాధారణంగా అసలే చేయదు.

నేలమీది ఇల్లమ్మి ఈ మోటార్‌హోమ్ ఎక్కినప్పుడు చిరునామా చిక్కు వచ్చిపడింది. లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, బీమా, పన్ను, ఓటు, ఇవన్నీ ఒక వీధిపేరుకు జిగురుపెట్టి అంటించినట్టుంటాయి. మెర్ల్ ఆట్టే ఆలోచించకుండా ఒహైయోలోని తన చెల్లెలు బెర్నడీన్ చిరునామా ఇచ్చేశాడు. ఉత్తరాలు అందుకొని పంపమంటే బెర్నడీన్ వాటిని విప్పింది. విప్పమనలేదే అని అడిగితే, అంచు దానంతటదే ఊడిందని, ఊడిన తరువాత చదవకపోతే ఉత్తరానికి అవమానమని చెప్పింది. మెర్ల్ పెద్దపేగు పరీక్ష ఫలితం మెర్ల్‌కంటే ముందు వాళ్ల చర్చి గాయకబృందానికి తెలిసింది. ఆ ఆదివారం వాళ్లంతా అతని పేగు కోసం నిలబడి ప్రార్థించారు. పేగుకు మొదటినుంచీ ఏమీ కాలేదు. అది తమ ప్రార్థనాఫలమేనని బెర్నడీన్ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆర్డిత్ ఆనాడే నిశ్చయించుకుంది: ఆడపడుచు చిరునామాలో ఇక బతకకూడదు.

తొందరపడడానికి మరో కారణం కూడా వచ్చింది. కళ్ల డాక్టరు అక్షరాల పలక చూపించి చదవమంటే, మెర్ల్ "ఏ పలక?" అని అడిగాడు. దాంతో అతని లైసెన్సు పోయింది. మిగిలింది ఆర్డిత్ లైసెన్సు ఒక్కటే. దాని గడువు శుక్రవారం, ఆమె పుట్టినరోజుతో, తీరిపోతుంది. లైసెన్సు లేనిదే బీమా లేదు, బీమా లేనిదే బండి కదలకూడదు. చలికాలం వస్తోందని, వాళ్లు బండి నిలుపుకొన్న బస మైదానం యజమాని ఆ వారాంతానికే నీళ్ల గొట్టాలు కట్టేస్తానన్నాడు. బండిని లాగించుకొని ఒహైయో చేరి, బెర్నడీన్ నేలమాళిగలో కాపురం పెట్టడమొక్కటే అప్పుడు గతి. బెర్నడీన్ ఆ మాళిగలో తేమ పీల్చే యంత్రం పెట్టించి, మంచం వేయించి, అక్కడుండే పిల్లిని పై అంతస్తుకు తరలించేసింది కూడా. "మీకోసం అదెంత త్యాగం చేసిందో చూడు వదినా" అని ఫోన్ చేసి చెప్పింది.

బీమా ఏజెంటుతో ఆర్డిత్ ఫోన్‌లో మాట్లాడింది. అతనివన్నీ ఫారంలో గడులు నింపే ప్రశ్నలు. బండిని వాడనప్పుడు ఎక్కడ ఉంచుతారని అడిగాడు.

"మేం అందులోనే ఉంటాం నాయనా. వాడని రోజంటూ వస్తే, అప్పటికి మేం ఉండం."

కాసేపు మీటలు నొక్కిన చప్పుడు. ఆ జవాబుకు గడి లేదని అతను విచారంగా చెప్పాడు. సరదాగా షికారుకు వెళ్లే బండికి ఒక బీమా, అందులోనే కాపురముండేవాళ్లకు ఇంకొక బీమా. రెండోదానికి రేటు ఎక్కువ. నిజం చెప్పినందుకు జరిమానా అన్నమాట. ఏది కావాలన్నా లైసెన్సు ఏ రాష్ట్రానిదో బీమా కూడా ఆ రాష్ట్రానిదే కావాలన్నాడు.

ఆర్డిత్ లాంటివాళ్లను దయతలిచే రాష్ట్రం సౌత్ డకోటా. అక్కడ ఒక్క రాత్రి నిద్ర చేసి, బస రసీదు చూపించి, ప్రమాణపత్రం మీద సంతకం పెడితే పౌరసత్వం దక్కుతుంది. ఇల్లక్కర్లేదు, ఉత్తరాల పెట్టె ఉంటే చాలు. అక్కడ ఒక చిన్న ఊళ్లో ఒకప్పుడు విత్తనాలమ్మిన రేకుల షెడ్డు ఉంది. దాని గోడ నిండా జానెడేసి పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో కుటుంబం 'నివాసం'. ఊరి జనాభాకంటే షెడ్డు జనాభా ఎక్కువ. వాళ్లు చెత్త వేయరు, కుక్కల్ని పెంచరు, పక్కింటివాళ్లతో పోట్లాడరు. ఇంతకన్నా మర్యాదస్తులైన పౌరులు ఏ రాజ్యానికి దొరుకుతారు? ఆ ఊళ్లో లైసెన్సులిచ్చే కచేరీ జనం వీళ్లకు 'ఒక్కనిద్ర వాళ్లు' అని పేరు పెట్టుకున్నారు. ఆర్డిత్ కూడా ఫోన్ చేసి ఆ షెడ్డులో ఒక పెట్టె అద్దెకు తీసుకుంది.

నిద్ర విషయంలో ఆర్డిత్‌కు ఒక నియమముంది. బండి తలుపు పక్కన, బయటివైపు, దేశపటం అంటించి ఉంటుంది. మొదట అంతా తెలుపే. చుట్టివచ్చిన రాష్ట్రానికి రంగుముక్క అతికించుకుంటూ పోవాలి. రోడ్లమీద బతికేవాళ్ల బండ్లన్నిటికీ ఇలాంటి పటం ఉంటుంది, అందరిదీ ఒకటే ఆచారం: నిద్ర చేసిన రాష్ట్రానికే రంగు. దాటిపోయినది చెల్లదు, తిని వచ్చినది చెల్లదు. డెలావేర్ మరుగుదొడ్డిలో తాను అంతకన్నా గట్టి నిదర్శనమే వదిలివచ్చానని మెర్ల్ వాదించినా ఆర్డిత్ ఒప్పుకోలేదు. డెలావేర్ నేటికీ తెల్లగానే ఉంది. ఆమె నియమం లోకం నియమంకంటే ఒక పిసరు గట్టిది: కళ్లు మూతపడి, ఒళ్లు మరిచి, నిజంగా నిద్ర పట్టి ఉండాలి.

బుధవారం వాళ్లు డకోటా చేరారు. రాత్రంతా గాలి. బండిని పట్టుకొని, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి ఊపినట్టు ఊపింది. మెర్ల్ మాత్రం దుంగలా పడి గురకపెట్టాడు. ఆర్డిత్ తెల్లవార్లూ బండి పైకప్పు చప్పుళ్లు వింటూ కూర్చుంది.

గురువారం కచేరీ కిటికీకి ఎదురుగా, నాలుగు కార్ల జాగాలో, బండి నిలిపారు. బల్ల వెనక డార్లా అనే ఆమె కూర్చుని ఉంది. నడివయసు, మెడలో గొలుసుకు కళ్లద్దాలు, ఎదుటివాళ్ల కథ వినకముందే విన్నట్టుండే ముఖం. రసీదు చూసి బాగుందంది, ఆర్డిత్ కళ్లు పరీక్షించి అవీ బాగున్నాయంది. ప్రమాణపత్రం ముందుకు తోసి, యథాలాపంగా కిటికీలోంచి చూసింది.

"ఆ బండి మీదేనా అమ్మా? చుట్టూ అన్నిటికీ రంగులేశారు. మా రాష్ట్రమొక్కటే తెల్లగా ఉందేం?"

జిగురు అయిపోయిందనో, ముక్క పోయిందనో అనవచ్చు. పక్కనున్న మెర్ల్ గుడ్డికళ్లతోనే ఆ మాట అనమని సైగ చేశాడు. ఆర్డిత్ అబద్ధమాడడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ఈ వయసులో కొత్త విద్యలు అలవడవు.

"ఇక్కడ నిద్ర చేశాను. నిద్ర పోలేదు."

"రెంటికీ తేడా ఏంటమ్మా?"

"పెళ్లి చేసుకోవడానికీ కాపురం చేయడానికీ ఉన్నంత."

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. తనకు రెండూ తెలుసని, కావాలంటే సాక్ష్యం చెబుతానని మెర్ల్ అన్నాడు. డార్లా నవ్వలేదు. ఆర్డిత్ అప్పటికే పత్రం చదవడం మొదలుపెట్టింది. 'నేను ఈ రాష్ట్రములో ఒక రాత్రి గడిపి, నిద్రించితినని ప్రమాణము చేయుచున్నాను.' దాని కిందనే, 'దూరముగా నున్నప్పుడు నేను తిరిగి రాదలచు స్థలము ఇదియే.' మొదటి వాక్యంలో కామా అనవసరమని, రెండో వాక్యం ఈ గాలిని ఎరిగినవారెవరూ రాసి ఉండరని ఆమె అభిప్రాయపడింది.

"కామా సంగతి రాజధానికి రాసుకోండి. గాలిని మాత్రం ఏమీ అనకండి, మేం దానితోనే పుట్టాం" అంది డార్లా. "సంతకం పెట్టండమ్మా. అందరూ పెడతారు, ఎవరూ చదవరు."

"ఈ దేశానికి పట్టిన రోగం అదే."

పెన్ను పుచ్చుకోకుండా ఆర్డిత్ పత్రాన్ని తిరిగి బల్లమీద పెట్టింది. ప్రభుత్వం తనను అబద్ధాలకోరుగా మార్చనిదే పౌరురాలిగా ఒప్పుకోదా అని అడిగింది. డార్లా మరింత శాంతంగా, ఇప్పుడు తాను సంతకం పెట్టమన్నా చెల్లదని చెప్పింది. నిద్రపోలేదని ఇంతమంది ముందు ఒప్పుకున్నాక ఆ మాటను వినలేదనడం తనవల్ల కాదు. రేపు నిద్రపోయి రమ్మంది.

బండెక్కాక మెర్ల్ ఒక ఉపాయం చెప్పాడు. "నేను కడుపునిండా నిద్రపోయాను గదా. అందులో సగం నీకు రాసిస్తాను. మొగుడూపెళ్లాల ఉమ్మడి ఆస్తి."

ఆర్డిత్ అతనికేసి చూసిన చూపు అతనికి కనపడకపోవడం అతని అదృష్టం.

ఆ రాత్రి ఆకైనా కదలలేదు. కానీ నిద్ర కూడా పిల్లిలాంటిదే, పిలిస్తే రాదు. వేడిపాలు పనిచేయలేదు. బీమా పత్రం చదివి వినిపిస్తే రాయికైనా నిద్ర పడుతుందని మెర్ల్ భూతద్దం పట్టుకొని మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఒక వాక్యానికి కర్త లేడని ఆర్డిత్ లేచి కూర్చుని పెన్సిలు అడిగింది. 'కంపెనీ బాధ్యత వహించని సందర్భములు' అనే చోటికి వచ్చేసరికి మెర్ల్ నిద్రపోయాడు.

శుక్రవారం ఉదయం బెర్నడీన్ ఫోన్ చేసి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది. మాళిగలో కొత్త దుప్పటి వేశానంది. ఆర్డిత్ ధన్యవాదాలు చెప్పి పెట్టేసి, కోటు తొడుక్కొంది. ఏం చేయబోతున్నావని మెర్ల్ అడిగితే, నిజం చెప్పబోతున్నానంది. అతను నిట్టూర్చి, ఒహైయోకు బండి లాగేవాళ్ల నంబరు జేబులో పెట్టుకున్నాడు.

కచేరీలో జనం బాగా ఉన్నారు. చీటీ తీసుకొని ఆర్డిత్ గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మూతపడిన సినిమాహాలు నుంచి తెచ్చిన ఎర్ర మెత్తకుర్చీ అది. ఎన్నో ఏళ్ల వీపులకు లొంగి ఒక ఒడిలా గుంటపడింది. సరిగ్గా దాని కిందనే నేలలో వెచ్చగాలి వచ్చే జాలీ. ఎవరో ట్రాక్టరు రిజిస్ట్రేషను గురించి ఒకే మాటను తిప్పి తిప్పి చెబుతున్నారు. తాను చెప్పవలసిన వాక్యాన్ని ఆర్డిత్ మనసులో కూర్చుకుంది. అందులో ఒక్క అనవసరపు మాట లేకుండా దిద్దింది. క్రియ దగ్గరికి రాబోతూండగా...

కళ్లు తెరిచేసరికి గది ఖాళీ. కిటికీ తెరలు సగం దించి ఉన్నాయి. మెర్ల్ పక్క కుర్చీలో మొక్కజొన్న పేలాలు తింటున్నాడు. డార్లా ఎదురుగా నిలబడి ఉంది, భుజాన కోటు, చేతిలో ప్రమాణపత్రం.

"మీ నంబరు పిలిచాను. పలకలేదు. తరువాతి నంబరుకు వెళ్లాను" అంది డార్లా. "గురక పెట్టారమ్మా. ట్రాక్టరాయన గొంతు తగ్గించుకోవాల్సి వచ్చింది."

ఆర్డిత్ టోపీ సర్దుకుంది. తాను గురకపెట్టనని అనబోయి, తనకు తెలియని సంగతి గురించి ప్రమాణం చేయకూడదని ఆగింది. అయినా లాభం లేదని వివరించింది: పత్రంలో ఉన్నది రాత్రి, ఇది పట్టపగలు.

"పత్రం మళ్లీ ఇవ్వు" అన్నాడు మెర్ల్ పేలాలు నములుతూ, డార్లాతో. "చదివించు తల్లీ. ఆమెకు కాగితం చూపిస్తే కాసేపైనా ఊరుకుంటుంది."

ఆర్డిత్ కళ్లద్దాలు పెట్టుకొని చదివింది. ఒక రాత్రి గడిపి. కామా. నిద్రించితిని. ఆమె వేలు కామా దగ్గర ఆగింది. అక్కడ ఆ కామాకు ఏ వ్యాకరణంలోనూ చోటు లేదు. తన చేతికి వచ్చి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసి ఉండేది. కానీ అది అక్కడుంది, అచ్చయింది, శాసనమయింది. ఉన్నంతసేపూ అది ఆ రెండు పనుల్నీ విడదీస్తూనే ఉంటుంది. రాత్రి గడపడం ఒక పని; దానికి రసీదుంది. నిద్రించడం ఇంకొక పని. దానికి ట్రాక్టరాయన ఉన్నాడు. రెండూ ఒక్కసారే జరగాలని ఈ వాక్యం ఎక్కడా అనడం లేదు.

"ఎవరో పరమ మూర్ఖుడు రాశాడు దీన్ని" అంది ఆర్డిత్, ఆమె గొంతులో ఎన్నడూ వినపడని మెత్తదనంతో. "పెన్ను ఇటివ్వు."

మొదటి వాక్యం కింద సంతకం చేసింది. రెండో వాక్యం దగ్గర పెన్ను గాలిలో నిలిచింది. డార్లా గడియారంకేసి చూసింది. మెర్ల్ నమలడం మానేశాడు.

"ఈ కుర్చీ ఇక్కడే ఉంటుందా?" అని అడిగింది ఆర్డిత్.

"నేనున్నన్నాళ్లూ ఉంటుంది. తీసేస్తామంటే నేనే ఒప్పుకోను. మధ్యాహ్నం పూట నేను కూడా..." డార్లా వాక్యం పూర్తిచేయలేదు.

"అయితే తిరిగి రాదలచాను" అంటూ ఆర్డిత్ సంతకం పెట్టింది.

డార్లా ముద్ర కొట్టి, తాత్కాలిక లైసెన్సు చేతికిచ్చి, కోటు తొడుక్కొని వాళ్ల వెంటే బయటికి వచ్చింది. ముక్క అంటించేదాకా కదలనని బండి తలుపు దగ్గర నిలబడింది. గాలి మళ్లీ లేచింది. మెర్ల్ చూపు ఆనక కొంచెం వంకరగా అంటించాడు; డకోటా అంచు పక్క రాష్ట్రంమీదికి పాకింది. ఆర్డిత్ చూసింది కానీ దిద్దలేదు. బండి లోపలికెక్కి బీమా కంపెనీకి కొత్త నంబరు చదివి వినిపించింది, అంకె అంకెకూ ఆగుతూ.

మెర్ల్ మెట్టుమీద కూర్చుని చెల్లెలికి ఫోన్ చేశాడు.

"బెర్నీ, మీ వదిన పని జరిగిపోయింది. పిల్లిని కిందికి దింపెయ్."