తీగ దించే నెల

అక్టోబరు వస్తే ఆర్డిత్ వంటింటి బల్లను గోడవారకు జరుపుతుంది. కప్పులు పై అరలో సర్దుతుంది. ఏటా చలికాలానికి వలసపోయే మ్యూల్ జింకలు తూర్పు గోడలోంచి వచ్చి, పొయ్యి పక్కగా నడిచి, పడమటి గోడలోంచి లోయలోకి దిగిపోతాయి. ఇల్లు కట్టకముందు నుంచీ వాటి దారి అదే. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా ఆర్డిత్ ఇంటి నేల తుడవడం కష్టమంటారు తప్ప మరోమాట అనరు.

చెవి చిరిగిన ముసలి ఆడజింక ఒకటి ఏటా ఆమె మొగుడు వెండెల్ కుర్చీ దగ్గర ఆగేది. అతను దాని మెడ నిమిరేవాడు. వెండెల్ జూన్‌లో పోయాడు. ఆ జింకను ఒక్కసారి చూసి, ఇల్లు అమ్మేసి పట్నం పోదామని ఆర్డిత్ ఎదురుచూస్తోంది. నెల చివరికొచ్చింది. ఒక్కటీ రాలేదు.

జింకల మెడలకు పట్టీలు కట్టి వాటి నడకను పరిశోధించే టెస్ వచ్చి పటం పరిచింది. జింకలున్న చోటు చూపే చుక్కలన్నీ పైమిట్ట మీద ఒకేచోట ముద్దగా ఉన్నాయి.

"మీరు నిరుడు అమ్మిన మిట్టేనండీ. అక్కడ కొత్త ఇళ్లు కట్టే కంపెనీవాళ్లు మీ కంచెకే ఇంకో రెండు వరసల తీగ పెంచారు. పన్నెండు రోజులుగా అక్కడే నిలబడ్డాయి."

"తీగ దించలేదూ?"

"దించాలని అమ్మకం కాగితంలో రాయించారా?"

 నలభై ఏళ్లు ఆలుమగలిద్దరూ అక్టోబరు మొదట్లో కొక్కేలు విప్పి తీగను నేలమీద పడుకోబెట్టారు. అది రాయించుకునే సంగతా? తిండి తినాలని ఎవడైనా కాగితం రాసుకుంటాడా? ఆ కొండ దుంగలతో కట్టిన ఇంటి గోడ జింకలను ఎరుగును, దారిస్తుంది. బజారు తీగకేం తెలుసు!

కటింగ్ ప్లేయర్ పట్టుకుని మిట్ట ఎక్కింది. ఇళ్ల కంపెనీ మనిషి కర్టిస్ పరుగున వచ్చాడు. ఆమె ఇంటి అమ్మకం కాగితాలు అతని చంకలోనే ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది! కంచె మాది."

"కంచె మీదేలే. అక్టోబరు మాది. ఊరికే నిలబడే బదులు ఆ కొస పట్టుకోరాదూ?"

గొణుగుతూనే పట్టుకున్నాడు.

పొద్దు వాలేసరికి తీగ నేలమీద పడింది; టెస్‌తో కలిపి ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. కర్టిస్ కాగితాలు పరిచి కలం మూత తీశాడు. తూర్పు గోడలోంచి ముందు చిరిగిన చెవి వచ్చింది, తర్వాత తల. ముసలి జింక ఖాళీ కుర్చీ దగ్గర ఆగి మెడ చాచింది. అలాగే నిలబడింది.

"ఆయన లేడే తల్లీ," అంది ఆర్డిత్. లేచి వెళ్లి తనే నిమిరింది.

వెనక వందలు. టెస్ లెక్కపెట్టడం మరచిపోయింది. కర్టిస్ కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. చివరి కూన పడమటి గోడలోకి పోయాక కలం ముందుకు జరిపాడు.

"మరి సంతకం?"

"మేలో తిరిగొస్తాయి కదయ్యా. ఇంట్లో ఒక మనిషి ఉండొద్దూ?"

జూన్ తర్వాత మొదటిసారి ఆర్డిత్ వెండెల్ కుర్చీలో కూర్చుంది.