వీపు తెరుచుకోని ఫోన్

ఏది తడిసినా మా భావనపాడులో ఒకటే వైద్యం, ఎండ. అందుకే పడవ దిగుతూ అయ్య ఫోన్‌ను అలలో పడేసుకున్నప్పుడు, అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, నెత్తళ్ల చేపలు ఆరబోసిన వల మీద వాటి పక్కనే పెట్టింది. మధ్యాహ్నానికి దాని వీపు ఉబ్బింది.

"తడారిపోనాది కదే. ఇంకేటి దానికి?" అంది అమ్మ.

అందులో అయ్య బండలున్నాయి. సముద్రం అడుగున రాళ్లున్న చోట చేప చేరుతుంది. ఆ చోటుని మావాళ్లు బండ అంటారు. ఎవరి బండలు వాళ్లవి, అన్నదమ్ములకి కూడా చెప్పరు. అయ్య తన పన్నెండు బండల గుర్తులు అంకెల్లో ఆ ఫోన్‌లో దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అయ్యా నేనూ టెక్కలి వెళ్లాం. రిపేరు కొట్టు గోవింద్ ఫోన్ ఆన్ చేసి పెదవి విరిచాడు.

"బ్యాటరీ పోనాది మావా. ఛార్జింగ్ ఎట్టకు, అంటుకుంటాది. నాలుగు శాతమే ఉన్నాది. ఇక్కడొదిలేయ్. తెరిసి, కొత్తదేసి నాలుగింటికి ఇస్తాను."

తెరిసి అన్న మాట అయ్యకి నచ్చలేదు.

"నువ్వెలా తెరుస్తావు? నాను గీత గీస్తే గానీ అది తెరుసుకోదు."

"అది తాళం మావా. నాను తెరిసేది ఈపు."

"తెరిసినోడికి లోనేటున్నాదో కనపడదేటి?"

గోవింద్ తమ్ముడు సోములుకి మా పక్క ఊళ్లోనే పడవ ఉంది. అయ్య ఆ మాట పైకి అనలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

తాళం వేరు, వీపు వేరని నాకు తెలుసు. కానీ ఏమీ కనపడదని ఒట్టు పెట్టమంటే పెట్టగలనా? ఆ వీపు వెనక ఏముందో నేనూ ఎప్పుడూ చూడలేదు.

"కాగితం మీద రాసేసుకుందాం అయ్యా, ఇంక దీన్ని తెరిపించక్కర్లేదు," అన్నాను.

అయ్య తన తువ్వాలు మా ఇద్దరి తలల మీదా కప్పాడు.

"ఏటి మావా, నా కొట్లో ఫొటో స్టూడియో ఎట్టినావు?"

"నీ పని నువ్వు సూసుకోరా," అన్నాడు అయ్య తువ్వాల్లోంచి.

పైనుంచి మొదలుపెట్టాను. ఒక్కో బండకి ఒక పేరు, రెండు పొడుగాటి అంకెల వరసలు. చెమట కాగితం మీద పడుతోంది. మూడు శాతం. రెండు. ఏడో బండ రాయడం అవుతూనే ఫోన్ నల్లబడింది.

"ఏడు దొరికాయి," అన్నాను తువ్వాలు తీసి.

అయ్య నా చేత పేర్లు చదివించుకున్నాడు. మొహం మాడిపోయింది.

"ఇవన్నీ తాత బండలే. ఒడ్డునున్న కొండలు సూసుకుని ఎల్లిపోతాను, ఈటికి ఫోనెందుకు? కొండ కానరాని నీళ్లల్లో నానెతికినవి వరసలో కిందనున్నాయి. అయిదు."

"ముందే చెప్పాలి కదా!"

"నువ్వడిగినావేటి?"

అయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనే గోవింద్‌ని అడిగాను.

"గోరుతో వీపు ఊడొచ్చే ఫోన్లు లేవా బావా? పదేళ్లు ఉండేవి, మనమే ఇప్పుకుని సూసుకునేవి?"

"అలాటియ్యి వస్తే నాను కొట్టు మూసీసి మీ యమ్మతో నెత్తళ్లు అమ్ముకోవాల."

నవ్వొచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. ఆ అయిదు బండలు వెతకడానికి అయ్యకి ఆరేళ్లు పట్టింది. రేపటి వేటకి ఐస్ ఎక్కించాలని అయ్య తొందరపడుతున్నాడు.

"నువ్వు బస్సెక్కు అయ్యా. నానుంటాను."

"ఉండి?"

"సూస్తాను. ఇప్పిన కాణ్నించి మూసీదాకా."

అయ్య ఫోన్‌ని బల్ల మీద పెట్టలేదు. నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి వెళ్లాడు.

గోవింద్ నా చేతిలోంచి ఫోన్ అందుకుని, వీపు తెరవడానికి సన్నటి రేకు తీశాడు. "అలా సూస్తే నా సెయ్యి వణుకుతాది యమునా. ఆ పక్కకి కూకో."

నేను స్టూలు ఇంకాస్త ముందుకి లాక్కున్నాను.