నీళ్ల ట్యూబులో గీత

పెరుగుపచ్చడిలోకి ఉల్లిపాయలు తరుగుతుంటే భర్త వెనకనుంచి వచ్చి తన బండి కళ్లద్దాలు ఆమె కళ్లకి పెట్టాడు. "ఇంక ఏడుపు రాదు, డాక్టరమ్మా" అన్నాడు. ఉల్లిపాయలు మాత్రం తను తరగలేదు. అయినా ఆమె మురిసిపోయి థాంక్స్ చెప్పింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెకి థాంక్స్ చెప్పే జబ్బు పట్టుకుంది. బస్సు దాకా దింపినందుకు, తడి తువ్వాలు మంచం మీద కాకుండా కుర్చీ మీద పడేసినందుకు, అన్నిటికన్నా ముఖ్యంగా ఉద్యోగం మానమననందుకు. "మావాడు పంపిస్తున్నాడు కాబట్టి సరిపోయింది" అని అత్తగారు ఎవరితోనో ఫోన్లో అంటుంటే విని కూడా పొంగిపోయింది. మరి అతన్ని ఆఫీసుకి ఎవరు పంపిస్తున్నారన్న ఆలోచన అప్పటికింకా రాలేదు.

ఆమె పని మలేరియా ల్యాబులో. జ్వరమొచ్చినవాళ్ల రక్తపు చుక్కలు కాగితాల మీద ఎండి, ఊళ్లనుంచి వస్తాయి. వాటిలోని మలేరియా క్రిమి జన్యువుని బయటికి తీసి, అది మందుకి లొంగకుండా చేసే మార్పు ఉందో లేదో చూడాలి. ఉంటే జెల్ అనే మెత్తటి పలక మీద సన్నటి గీత వెలుగుతుంది. చీకటి గదిలో ఆ గీతలు తేలుతుంటే ఆమెకి ఇప్పటికీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ప్రతిసారీ ఒక ట్యూబులో మాత్రం ఉత్త నీళ్లే వేస్తారు. అందులో ఏ గీతా రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో ఏదో కలిసిపోయినట్టే. మిగతా గీతల్నీ నమ్మడానికి లేదు.

నిన్న కొండ పక్క ఊళ్ల నమూనాలన్నిట్లోనూ గీత వచ్చింది. నీళ్ల ట్యూబులోనూ వచ్చింది.

"కొత్త పెళ్లికూతురివి, ధ్యాస ఇంటి మీద ఉంటుందిలే" అని నవ్వాడు ల్యాబు పెద్దాయన. "ఫొటోలో నీళ్ల ట్యూబున్న ఆ చివర కత్తిరించి పంపెయ్యమ్మా. రేపు కాక ఎల్లుండే మీటింగు."

"అలా పంపిస్తే అక్కడ పనిచేసే మందుని కూడా మానిపించేస్తారేమో, సార్. రేపొచ్చి మళ్లీ చేస్తాను."

"ఆదివారమా? మీ ఇంట్లో ఒప్పుకుంటారా?"

ఆ మాటే ఇవాళ పొద్దుట్నుంచీ ఇంట్లో ఎత్తలేకపోతోంది. మధ్యాహ్నం భర్త మేనత్తలు కొత్తకోడల్ని చూడ్డానికి భోజనానికొస్తున్నారు. ఆమె కళ్లద్దాలు తీసి, కత్తి పక్కన పెట్టి, సంగతి చెప్పింది.

"ఇవాళా?" అన్నాడు అతను. "వాళ్లొచ్చేది నిన్ను చూడ్డానికే కదా! మీ సారే కత్తిరించెయ్యమన్నాడుగా, కత్తిరించేస్తే పోలా?"

పక్కన బియ్యం కడుగుతున్న అత్తగారు తలెత్తింది. "నీళ్లలో గీత వస్తే ఏమిటట?"

"పాలగిన్నెలో గరిటె తీసుకెళ్లి నీళ్లగిన్నెలో ముంచినట్టు అత్తయ్యా. నీళ్లే తెల్లబడితే, ఏ గిన్నెలో నిజంగా పాలున్నాయో ఎలా తెలుస్తుంది?"

అత్తగారు బియ్యం కడిగిన నీళ్లు వంపేసింది. "కూరలు అయిపోయాయిగా, మిగతాది నేను చూసుకుంటాను. వెళ్లిరా. టీ వాడు పెడతాడు."

"నేనా?"

"లేకపోతే మీ అత్తలా?"

ఆమె బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉంది. ల్యాబులో పాత నీళ్ల సీసా పారేసి, కొత్తది తెరిచి, మొదట్నుంచీ చేసింది. సాయంత్రానికి జెల్ వెలిగింది. మార్పు ఉందని ముందే తెలిసిన నమూనాలో గీత ఉంది. కొండ పక్క ఊళ్లలో ఒకటి రెంటిలో ఉంది, మిగతావాటిలో లేదు. నీళ్ల ట్యూబు చోట నల్లగా, హాయిగా, ఏమీ లేదు. అక్కడ మందింకా పనిచేస్తోందన్నమాట! ఖాళీ గదిలో చప్పట్లు కొట్టేసింది. ఉత్త నీళ్లకి కూడా థాంక్స్ చెప్పింది. నిన్నటిదీ ఇవాళ్టిదీ, రెండు ఫొటోలూ కత్తిరించకుండా పెద్దాయనకి పంపింది.

ఇంటికొచ్చేసరికి మేనత్తలు చెప్పులేసుకుంటున్నారు. "అదృష్టవంతురాలివే పిల్లా! బంగారంలాంటి మొగుడు. టీ వాడే పెట్టాడు, తెలుసా? కప్పులు కూడా వాడే అందించాడు!"

ఆమె తెల్లారకముందే లేచి వండిన కూరల సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ అవి తిన్నవాళ్లే. వంటింట్లో అత్తగారు ఆ కప్పులే కడుగుతోంది.

వాళ్లు వెళ్లాక అతను సోఫాలో వాలాడు. "ఏంటి, ఇవాళ థాంక్స్ లేదా?"

"థాంక్స్" అందామె, పక్కన కూర్చుంటూ. మనస్ఫూర్తిగానే అంది. "రేపు పొద్దున టీ నేను పెడతాను. తాగాక నువ్వూ చెప్పు."

"రోజూ పెట్టేదానికి కూడానా?"

"రోజూ పెట్టేదానికే."

వంటింట్లో కప్పుల చప్పుడు ఆగింది. అత్తగారు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెకి రెండో పక్క కూర్చుంది.

"నాతో మొదలుపెట్టమను" అంది.