ఆకు వేసిన వెన్న

అరబ్బు దేశంలోని సూర్ పట్నంలో, అజీజా మేడమ్ ఇంట్లో వంటపని చేసే రమణికి ఆ గురువారం ఊపిరి సలపలేదు. సాయంత్రం చుట్టాలొస్తున్నారు. పెరట్లో బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాల్చాలి. కడపలోలా నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది ఇస్తే మర్యాద కాదట, మూడు రకాల వెన్నలు కావాలట. ఒకదాంట్లో వెల్లుల్లి, కొత్తిమీర. ఇంకోదాంట్లో తేనె, మిరపపొడి. మూడోదాంట్లో ఎండునిమ్మ పొడి. కంకికి ఇన్ని సోకులెందుకో ఆ దేవుడికే తెలియాలి.

అయినా మూడూ శ్రద్ధగా కలిపింది. అన్నీ సవ్యంగా జరిగితే రేపు డ్రైవరు రాజధానిలోని రూవిలో దించి వస్తాడని మేడమ్ మాటిచ్చింది. రూవిలో చెల్లెలు సునీత ఉంది. ఇక్కడి పని చాలించుకుని రేపు రాత్రి విమానంలో ఇంటికి వెళ్ళిపోతోంది. ఒకే దేశంలో ఉండి కూడా ఇద్దరూ రెండేళ్ళుగా మొహాలు చూసుకోలేదు.

వెన్నలు గిన్నెల్లో సర్ది, స్నానం చేసి వచ్చేసరికి వంటిల్లంతా నెయ్యి వాసన. పోయిన వారమే పనిలో చేరిన జగిత్యాల శాంతవ్వ పొయ్యి ముందు గరిటె తిప్పుతోంది. మూడు గిన్నెలూ ఖాళీ.

"ఏందక్కా నువ్వు చేసింది?"

"నెయ్యి కాగబెట్టిన చెల్లె. వెన్నల ఆకేసి పెట్టినవ్ గదా. నీకెందుకు తిప్పలని."

వెన్న కాచేటప్పుడు మునగాకో తమలపాకో వేస్తారు, నిజమే. కొత్తిమీరను చూసి అదీ అలాంటిదే అనుకున్నట్టుంది.

"తేనె గూడా ఏస్తారా నెయ్యికి?"

"మీ దిక్కు ఏస్తరేమో అనుకున్న."

రమణికి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. సాయం చేసేవాళ్ళతోనే చావొచ్చిపడింది. ఇంట్లో ఇంకో వెన్నముద్ద లేదు, గేటు దగ్గర కార్లు ఆగుతున్నాయి. గత్యంతరం లేక ఆ నెయ్యినే వడగట్టి, కాలిన కంకులకు పూసి, ఇది ఎవరి నిర్వాకమో మేడమ్‌కు తెలియకూడదని మొక్కుకుంటూ పంపింది.

చుట్టాలు వేళ్ళు కూడా నాకారు. మేడమ్ నవ్వుతూ వంటింట్లోకి వచ్చింది.

"చాలా బాగుంది రమణీ. రేపు మా అక్కలొస్తారు, ఇదే చెయ్యి. రూవికి తర్వాత వెళ్దువులే."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. చెడితే తిట్లు, కుదిరితే ఈ శిక్ష. తలుపు చాటున నక్కిన శాంతవ్వ రెక్క పట్టుకుని రమణి ముందుకు లాగింది.

"నెయ్యి కాచింది ఈమె, మేడమ్. నాకు రాదు. రేపు ఈమే చేస్తుంది."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరేనని తలూపి వెళ్ళిపోయింది. శాంతవ్వ గబుక్కున రమణి చెయ్యి పట్టుకుంది.

"నాకేం ఎరుక చెల్లె, గా వెన్నల ఏమేమున్నయో?"

"మూడు వెన్నలూ నేనే కలిపి పెట్టి రూవికి పోతాలేక్కా. నువ్వు మళ్ళా చెడగొట్టు, సాలు."