నలభై నాగళ్ళ మేర

కువైట్ నుంచి జాబు వచ్చిందంటే చాలు, సగం వాడ పనులు మానుకుని ఖాజాబీ వాకిట్లో చేరేది. వాళ్ళకేం సంబంధమని అడక్కండి, సంబంధం లేని జాబు వినడంలో ఉన్న రుచి ఇంకెందులో ఉంది! అక్కడ వడ్ల హనుమండ్లు చెబుతుంటే ఖాజాబీ పెనిమిటి వాహెద్ ఉర్దూలో రాసేవాడు. ఇక్కడ ఖాజాబీ చదివి హనుమండ్లు పెళ్ళాం రామవ్వకు తెలుగులో చెప్పేది. పాపం, ఆ మొగుడూ పెళ్ళాల మాటకు చాటు లేకుండా పోయింది.

హనుమండ్లు పోయి రెండేళ్ళు దాటింది. వాహెద్ పట్టుకుపోతే పోయి అక్కడ తలుపులూ కిటికీలూ చేస్తున్నాడు. ఇద్దరు పిల్లల్లో చిన్నది, అతను పోయేనాటికి మూడు నెలలది, ఇప్పుడు మాటలు నేర్చింది. బాపంటే ఆ నీలం కాగితమే అనుకుంటుంది. పోస్టాయన కనబడగానే "బాపు వచ్చిండు" అని ఎగురుతుంటే అందరూ నవ్వారు. తల్లి రామవ్వ మాత్రం పిల్లను చంకనేసుకుని ముందుకు జరిగి కూర్చుంది.

ఖాజాబీ జాబు విప్పింది.

"నీకూ ఇద్దరు పిల్లలకూ ఇక్కడికి వచ్చే కాగితాలు ఇప్పించిన. గని జర ఆలోచన చెయ్యి. గది కిరాయే నా జీతంల సగం మింగుతది. తాగే నీళ్ళు సుత కొనుడే. పిల్లల బడికి వేరే, కరెంటుకు వేరే. నలుగురం ఉంటే నెల ఎల్లంగనే చేతులు దులుపుకునుడే. ఓడ కిరాయికి సుత నా తాన పైసల్లెవ్వు. మీరు అక్కడ్నే ఉంటే నాలుగైదేండ్లకు నేనే వస్త. ఏదేమైనా ఊళ్ళె మన మేర మాత్రం విడువకు."

మేర అంటే తాతలనాటి హక్కు. ఏడాది పొడుగునా ఊరి నాగళ్ళు చేసిపెట్టినందుకు, కోతలప్పుడు కల్లంలో నాగలికి రెండు గంపల ధాన్యం వడ్లాయన, అంటే వడ్రంగి, ఇంటికి రావాలి. ఇంటిల్లిపాదీ ఊరు విడిచిపోతే అది ఉండదు, పటేల్ ఇంకో ఇంటికి ఇచ్చేస్తాడు.

"నాలుగేండ్లెంత, కండ్లు మూసి తెరిస్తే ఎల్లిపోతయి" అంది వాకిట్లో ఒక ముసలమ్మ.

"ఎవలి కండ్లు మూసి?" అంది రామవ్వ. అని లేచింది. "ఖాజా, మీ ఆయన తానికి నువ్వెక్కే ఓడ ఎప్పుడు?"

"వచ్చే నెలనే."

"నేను సుత ఎక్కుత. కిరాయి నా మేర గింజలల్ల ఎల్లుతది."

అక్కడున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎందుకంటే ఈ రెండేళ్ళూ నాగళ్ళు ఎవరు చేశారన్నది ఊళ్ళో ఎవరూ నోరు విప్పని సంగతి. చొప్పదండి నుంచి హనుమండ్లు పాలివాడొకడు వచ్చి చేసిపోతున్నాడని చెప్పుకున్నారు, నిరుటి మేర కూడా ఆయన పేరు చెప్పే గడప ముందు పోసిపోయారు. శుద్ధ అబద్ధం! రామవ్వే దొడ్డి తలుపు వేసుకుని బాడిశ పట్టి చెక్కింది. రైతులు విరిగిన నాగలి గడప ముందు పెట్టి పోయేవాళ్ళు, బాగైన నాగలి గడప ముందు నుంచే ఎత్తుకుపోయేవాళ్ళు. ఆడదాని చేతి నాగలితో దున్నామంటే నామోషి కదా! పని కావాలి గానీ పేరు మాత్రం వద్దు.

కల్లం రోజు రామవ్వ గంప తీసుకుని పోయింది. ముత్యం పటేల్ రాశి పక్కన మంచమేసుకుని కూర్చున్నాడు.

"మేర వడ్లాయనకు ఇస్తం. వడ్లాయన కువైట్‌ల దినార్లు సంపాయిస్తుండు. నీకెందుకియ్యాలె?"

"చేసింది నేను పటేలా."

"నువ్వా!" పటేల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాడిశ పట్టిన ఆడదాన్ని గీ జిల్లాల ఎవలన్న చూసిండ్రా? చొప్పదండి ఆయనను రమ్మను, ఆయన చేతిల పోస్తం."

చుట్టూ నలభైమంది రైతులున్నారు. ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. రామవ్వకు ఒళ్ళు మండిపోయింది.

"నేను ఎడమచేతి దాన్నని ఊరందరికెరుక. చిన్నప్పుడు గా చేత్తోటి బువ్వ తింటున్ననని మా అవ్వ వాతలు పెట్టింది, అయినా మారలే. ఏ వడ్లాయన అయినా నాగలి మేడికి చీల కుడి దిక్కు నుంచి కొడ్తడు. నేను ఎడమ దిక్కు నుంచి కొడ్త. నీ నాగలి అగో, అందరి నాగళ్ళతోటి గోడకున్నది. చూడు పటేలా."

పటేల్ కదల్లేదు. అంజన్న అనే ముసలి రైతు పోయి నాగలి తిప్పి చూశాడు.

"ఎడమనే" అన్నాడు. తన నాగలి దగ్గరికి పోయాడు. "నాది సుత ఎడమనే." పక్కవాడిదీ చూశాడు. తర్వాత చూడ్డం మానేసి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మాకు తెల్వక గాదు పటేలా. తెల్వనట్టు ఉన్నం, సిగ్గులేక." అని తన రాశిలోంచి రెండు గంపలు నిండుగా ఎత్తి రామవ్వ ముందు పోశాడు. ఇక ఆగుతారా, వెనకే తక్కిన వాళ్ళంతా వరుస కట్టారు. కడకు పటేల్ జీతగాడు కూడా రెండు గంపలు తెచ్చి పోశాడు. ఆ ధాన్యం నడుమ రామవ్వ తల ఎత్తుకుని నిలబడితే, చూడాలి ఆమెను!

పటేల్ ఊరుకునే రకమా? "సరే తీస్కో. గని ఊరు విడిస్తే మేర పాయె. రేపు తిరిగొచ్చి మా తాతల హక్కంటే నడువది. కువైట్‌ల బతుకు మంచిగ లేకుంటే ఏడికి వస్తవు?"

ఆ మాట సూటిగా తగిలింది. ఘడియ కిందట, నలుగురి ముందు, తన పేరు మీద దక్కిన హక్కు అది. రామవ్వకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"నువ్వు గుంజుకుంటే ఇచ్చేదాన్ని గాదు పటేలా. నేనే విడుస్తున్న. మెట్‌పల్లి నుంచి వడ్లాయనను తెచ్చుకుంటరో ఇంకేడికెల్లి తెచ్చుకుంటరో, వచ్చినాయనకు రెండు గంపలల్ల పిడికెడు సుత తక్కువ చెయ్యకుండ్రి."

ధాన్యం అమ్మితే మూడు టికెట్లకు సరిపోయింది. మర్నాడు ఖాజాబీ వాకిలి కిక్కిరిసింది. రామవ్వ జవాబు రాయిస్తోంది.

"మేర విడువకు అన్నవు. నా చేతులార తీసుకున్న, నా నోటితోటి విడిచిన. మనకు ఇగ గీ ఊళ్ళె గింజ పుట్టది. ఓడ కిరాయి నేనే కట్టిన. గది కిరాయికి సగం పోతే పోనీ, నీళ్ళు కొనాలంటే కొందం. నెలాఖరుకు ఏం మిగలకున్నా నలుగురం ఒక్క తాన ఉంటం. వస్తున్నం."

ఖాజాబీ కలం ఆపింది. "అందరు వింటుండ్రు రామవ్వా. గిదంత రాయాల్నా?"

"రాయి. వినటానికే గద వచ్చిండ్రు."

ఖాజాబీ రాసింది. రాసి, ఎప్పటిలాగే అడిగింది: "కింద 'హనుమండ్లు భార్య' అని పెట్టాల్నా?"

"గా ముచ్చట ఆయనకు ఎరుకనే" అంది రామవ్వ. "వడ్ల రామవ్వ అని పెట్టు."