చీము పట్టని పుండు

పొద్దున తొమ్మిదింటికి మహిమను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. ఏడు నెలల పసిబిడ్డ. తొడ పైభాగాన లేచిన గడ్డను కోసి చీము తీసేస్తే జ్వరం దిగుతుందన్నారు. తల్లి నిస్సీ తలుపు దగ్గర నుంచి కదల్లేదు. అరగంటకు సర్జన్ బయటికి వచ్చి, పిల్లల వార్డు డాక్టర్ తనూజతో అన్న మాట ఆమె చెవిన పడింది.

"చుక్క చీము లేదు. లోపల కండ నల్లబడింది, అంతే."

తనూజ ముఖం ఒక్కసారిగా మారిపోవడం నిస్సీ చూసింది.

వారం కిందట తమ ఊరు ఓర్వకల్లులో అది కందిగింజంత ఎర్రటి పొక్కు. నాలుగు రోజుల్లో నిమ్మకాయంత అయింది. రక్తం పరీక్ష చేస్తే తెల్లకణాలు డెబ్బై వేలు దాటాయి. రక్త కేన్సరేమో, ఆలస్యం చేయొద్దని అక్కడి డాక్టరు కర్నూలుకు పంపించాడు. ఇక్కడ ఎముక మూలుగ తీసి చూశారు. కేన్సర్ కాదని తేలింది. నిస్సీ, భర్త జయకుమార్ దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు. కానీ జ్వరం తగ్గలేదు, పుండు ఆగలేదు.

తనూజ వార్డులోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. జయకుమార్ రక్తం ఇవ్వడానికి పోయి ఉన్నాడు. నిస్సీ వెనకాల ఆమె అత్త రాహేలమ్మ నిలబడి ఉంది.

"పాపకు బొడ్డు ఎప్పుడు ఊడింది?" అని అడిగింది తనూజ.

ఇంత జ్వరంలో బొడ్డు సంగతి ఎందుకో నిస్సీకి అర్థం కాలేదు. "నెల దాటినాంక, మేడమ్. ముప్పై రెండో దినం."

"మీది మేనరికమా?"

"అవును. మా అత్త మా నాయనకు సొంత చెల్లెలు."

"మహిమకు ముందు ఇంకెవరైనా పుట్టారా?"

మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. మొదటి కాన్పు అయ్యాక నిస్సీకి ఫిట్స్ వచ్చి నెలకు పైగా ఆసుపత్రిలో ఉండిపోయింది. బిడ్డను రాహేలమ్మే ఇంట్లో సాకింది. నిస్సీ తిరిగి వచ్చేసరికి బిడ్డ బొడ్డు చుట్టూ పసుపు, ఆముదం కనిపించాయి. మూడో రోజుకు బిడ్డ నిస్సీ చేతుల్లోనే పోయాడు.

"మగబిడ్డ. పోయినాడు," అంది. ఆ తర్వాతి మాట తనకు తెలియకుండానే బయటికి వచ్చేసింది. "మా అత్త బొడ్డుకు ఏమేమో పూసింది మేడమ్. అదే వాణ్ణి తీసుకపోయింది."

పక్క మంచాల వాళ్ళు తల తిప్పి చూశారు. రాహేలమ్మ ముఖం పాలిపోయింది.

తనూజ ఆమె వైపు తిరిగింది. "అమ్మా, నేను మీ మీద తప్పు వెతకడం లేదు. ఏం పూశారు, ఎప్పుడు పూశారు, అది చెప్పండి. ఈ పాప కోసం."

రాహేలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిస్సీకి మండిపోయింది. "చెప్పత్తా! ఇప్పుడన్నా చెప్పు!"

"ముప్పై అయిదు దినాలైనా ఊడలా," అంది రాహేలమ్మ చివరికి. "అంతకు ముందే చుట్టూ ఎర్రగా వాచిపోయినాది. ఒళ్ళు కాలిపోతాండె. చీము పట్టి పగులుతుందేమో, సగం బాధ తగ్గుతుందేమో అని చూస్తి. చీమే పట్టలా. ఏం చేసేదీ తెల్వక పూసినా."

"ముందు వాచింది, తర్వాత పూశారు. అంతేనా?"

"అంతేమ్మా."

తనూజ కాసేపు రాసుకుని, నెమ్మదిగా చెప్పింది. "ఒంట్లోకి సూక్ష్మజీవి దూరితే తెల్లకణాలు అక్కడికి పోయి కొట్లాడతాయి. అట్లా చచ్చినవే చీము. మహిమ రక్తంలో కణాలకు కొదవ లేదు. రక్తనాళాల గోడను పట్టుకుని బయటికి దిగే పట్టు వాటికి లేదేమోనని నా అనుమానం. పోలీసులు బస్సు నిండా ఉండారు, దిగనీకి తలుపే తెరుచుకోలేదు, అట్లన్నమాట. ఇది పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం. బొడ్డు ఆలస్యంగా ఊడడమూ దీని గుర్తే. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర నుంచీ రావాలి. ఇదే అయితే, మొదటి బిడ్డదీ బహుశా ఇదే."

"ఇది కాకపోతే?" అంది నిస్సీ.

పాప రక్తాన్ని తనూజ పరీక్షకు బెంగళూరుకు పంపించింది. అయిదు రోజులు పడుతుందంది.

ఆ అయిదు రోజులూ మందులు మారుతూ వచ్చాయి. పుండు అంచు ఎంత పాకిందో తనూజ పెన్నుతో గీత గీసి చూసేది. మూడో రోజు మధ్యాహ్నం అది గీత దాటింది. నిస్సీ నిలబడలేక వరండాలోకి వచ్చింది. స్తంభం వెనక రాహేలమ్మ మోకాళ్ళ మీద ఉంది. నిస్సీని చూడలేదు.

"ప్రభువా, ఆ రోగం కాదని రానీ. నేనే చంపినానని నా కోడలు బతికినన్నాళ్ళూ అనుకోనీ. నాకేం పర్వాల్యా. ఈ బిడ్డకు ఆ రోగం వద్దు తండ్రీ."

నిస్సీ గోడ పట్టుకుని నిలబడిపోయింది. తానూ అదే ప్రార్థన చేస్తోంది, రోగం లేదని రావాలని. అలా వస్తే ఎవరి మీద నేరం నిలుస్తుందో ఆమె ఆలోచించలేదు. అత్త ఆలోచించింది. ఆలోచించే అడుగుతోంది.

అయిదో రోజు తనూజ ముగ్గురినీ గదిలోకి పిలిచింది. అనుమానించిందే నిజమైంది. కణాలకు పట్టునిచ్చే పదార్థం మహిమలో దాదాపు లేదు. పుండు మందులతో మానుతుంది, కానీ మళ్ళీ మళ్ళీ వస్తుంది. మూలుగ మార్పిడి ఒక్కటే దారి, వేలూరు పోవాలి. మళ్ళీ కడుపు పండితే మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి.

జయకుమార్ "నాది తీసుకోండి మేడమ్, నాది" అంటూనే ఉన్నాడు. రాహేలమ్మ ఉన్నచోటనే నేల మీద కూలబడింది. నిస్సీ ఆమె పక్కన కూర్చుంది.

"అత్తా, నువ్వు కాదంట. విన్యావా? నువ్వు కాదు."

"నేనైనా బాగుండు గదే," అంది రాహేలమ్మ. నిస్సీ ఆమె భుజం మీద తల ఆనించి, మూడేళ్ళలో మొదటిసారి ఆమె ముందు ఏడ్చింది.

వేలూరులో డాక్టరు వంశవృక్షం గీస్తూ మొదటి బిడ్డ పేరు అడిగాడు. పెట్టలేదని నిస్సీ చెప్పబోయింది.

"యేసుప్రసాద్," అంది రాహేలమ్మ. "నేనే పిల్సుకునేదాన్ని. ఎవురికీ చెప్పలా."

డాక్టరు ఆ పేరు రాసుకున్నాడు. జయకుమార్ మూలుగ పాప మూలుగతో సగమే కుదిరింది. అయినా ఎక్కించారు. ఇరవై ఆరో రోజున కొత్త కణాలు నిలదొక్కుకున్నాయని, ఇంకో ఏడాది కంటికి రెప్పలా చూసుకోవాలని చెప్పారు. గాజు తలుపు అవతల మహిమ ఖాళీ పాలసీసా విసిరికొట్టి గట్టిగా ఏడుస్తోంది. ఆకలేసి ఏడుస్తోందని నర్సు చెప్పింది.